ఎదురు మర

పోయిన వారం నీవెస్‌ని బట్టలుతికే గదిలో, చేతులకి గ్రీజూ నోటికి తిట్లూ అంటించుకుని నిలబడ్డచోటే వదిలేసి వచ్చాం. మధ్యలో చేరినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. బోర్గెత్తో ఊళ్ళో జిల్దో ఫవారిన్ అంటే మాటలు కాదు. వాళ్ళ నాన్న కాలం నుంచీ సైకిలు ఫ్రేములు చేతితో చేసి అమ్మే దుకాణం ఆయనది. రెండేళ్ళ కిందట నీవెస్ తమ్ముడు లోరిస్ అక్కడ కొన్న కార్బన్ సైకిలు, సెర్లా కొండ దిగుతుండగా కాళ్ళ కిందే విరిగింది. ప్రాణమైతే దక్కింది గాని, కర్ర లేకుండా ఇప్పటికీ అడుగు పడదు. జిల్దో ఊరంతా చాటాడు: "నా ఫ్రేములో లోపం లేదు. ఆ తాగుబోతు వెధవ పానాకి పైపు తొడిగి మెలితిప్పి తనే విరగ్గొట్టుకున్నాడు" అని. ఊరు నమ్మింది. ఊరు నమ్మితే నమ్మింది, లోరిస్ కూడా నమ్మాడు. నీవెస్‌కి నిద్రపట్టనివ్వనిది అదే.

ఆ కసితోనే ఆమె ఆన్‌లైన్‌లో చైనా నుంచి ఒక చవక కార్బన్ ఫ్రేము తెప్పించింది. జిల్దో దుకాణంలో ఆ డబ్బుకి జీను కూడా రాదు. సాన్ రొక్కో పండగనాటి కొండ పందెంలో దాని మీద కూర్చుని జిల్దో కూతురు ఇలారియాని ఓడిస్తానని, ఆయన దుకాణంలోనే, పదిమంది ముందు శపథం చేసి వచ్చింది. పండగ రేపే. సైకిలేమో ఇంకా పూర్తి కాలేదు.

ఫోర్కు కూర్చుంది. లోరిస్ పాత చక్రాలు ఎక్కాయి. హ్యాండిలూ బ్రేకులూ అమరాయి. పెడళ్ళ ఇరుసు తిరిగే బీబీ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఫ్రేము అడుగున గుండ్రటి గూడు ఉంటుంది కదా, దానికి అటో కప్పు ఇటో కప్పు మరతో బిగించాలి. ఎడమవైపు కప్పు వెన్నలోకి దిగినట్టు దిగింది. చైను వైపు కప్పు మాత్రం మొదటి చుట్టు కూడా పట్టడం లేదు.

"ఓరి దీని దుంపతెగా! నిన్ను చేసినవాడి చేతులు పడిపోనూ!"

లోరిస్ కర్ర టకటకలాడించుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. రెండో చేతిలో కాఫీ.

"ఏంటక్కా, పొద్దున్నే దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తున్నావ్?"

"ఒక్కడూ పలకట్లేదురా. చూడు, చైను వైపు మర ఎట్లా కోసి తగలేశారో. చవక సరుకు చవక బుద్ధి పోనిచ్చుకుంటుందా? రేపే పందెం. ఆ జిల్దోకి నేను మొహం ఎట్లా చూపించాలి?"

"ఎటు తిప్పుతున్నావ్?"

"ఎటు తిప్పుతార్రా? కుడికి! మనూళ్ళో పుట్టినవాడెవడైనా ఎటు తిప్పుతాడు?"

నిజమే. ఆ ప్రాంతంలో సైకిలు పట్టినవాడికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య అది. బీబీ కప్పులు రెండూ కుడికి తిప్పితే బిగుస్తాయి, ఎడమకి తిప్పితే ఊడతాయి. జిల్దో తండ్రి ఆ సంగతి దుకాణం గోడ మీద నీలిరంగుతో రాయించాడు కూడా: 'ఫవారిన్ మర – రెండు వైపులా కుడికే'. ఆ గోడ కింద ఫొటోలు తీయించుకోని పెళ్ళికొడుకు ఆ ఊళ్ళో లేడు. బయటి ప్రపంచంలో చైను వైపు మర ఎదురుగా ఉంటుందని చెబితే, పాపం వాళ్ళకెవరూ చెప్పేవాళ్ళు లేరు కాబోలనుకుని జాలిపడతారు.

లోరిస్ కాఫీ కప్పు వాషింగ్ మెషీన్ మీద పెట్టి, బీబీ కప్పు చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. అంచు మీద సన్నగా బాణం గుర్తు ఉంది. ఆ బాణం ఎడమకి చూస్తోంది.

"బిగించడానికి ఎడమకట."

"ఛ, ఊరుకో."

"తిప్పి చూడక్కా, పోయేదేముంది?"

నీవెస్ తిప్పింది. కప్పు కిమ్మనకుండా చుట్టు వెంట చుట్టు దిగి, గూటి అంచుకి ఆనుకుని కూర్చుంది. పానా పట్టుకోనక్కర్లేకుండా వేళ్ళతోనే దిగింది. లోరిస్ నవ్వాడు. "చూశావా, తప్పు దానిది కాదు, మనది. ఇందాకటి తిట్లన్నీ వెనక్కి తీసుకో" అన్నాడు.

నీవెస్ నవ్వలేదు. వేళ్ళు కప్పు మీదే ఉంచి అలాగే వంగి ఉండిపోయింది.

"లోరిస్, నీ సైకిలుకి ఆ రోజు పైపు ఎందుకు వేశావ్?"

అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. "మళ్ళీ ఎందుకక్కా అది?"

"చెప్పరా."

"చెప్పేదేముంది? తొక్కుతుంటే అడుగున కిర్రుకిర్రుమంటోంది. బీబీ తన చేత్తో తప్ప ఎవరూ విప్పకూడదని జిల్దో ఎప్పుడూ చెప్పేవాడు. నేనే ఆగలేకపోయాను. చైను వైపు కప్పు విప్పి కాస్త గ్రీజు పెడదామనుకున్నా. పానా వేసి తిప్పితే రాలేదు. పానాకి ఇనప పైపు తొడిగి తిప్పాను. కొంచెం కదిలింది. మళ్ళీ మొరాయించింది. సర్లే, తర్వాత చూద్దామని వదిలేసి కొండెక్కాను. అంతే. నా చేతులారా చేసుకున్నదే. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?"

"ఎటు తిప్పావ్?"

"విప్పడానికి ఎటు తిప్పుతారు? ఎడమకి."

అతనికి ఇంకా వెలగలేదు. నీవెస్‌కి మాత్రం వెలిగింది. ఆమె వెళ్ళి, మెట్ల కింద పాత కర్టెన్‌లో చుట్టి పెట్టిన విరిగిన ఫ్రేము లాక్కొచ్చింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో దాన్ని ఎవరూ తాకలేదు. దాని పేరెత్తిన రోజు అన్నం కూడా సయించేది కాదు వాళ్ళకి.

"దాన్ని తీయకక్కా, నీకు దణ్ణం పెడతాను."

"తరవాత పెడుదువుగాని."

విరిగిన ఫ్రేముని సైకిలు స్టాండుకి బిగించింది. చైను వైపు కప్పు ఇంకా అందులోనే ఉంది. మామూలు కప్పులకుండే బాణం గుర్తు దీనికి లేదు. అక్కడ గీకేసి, 'ఫవారిన్' అని అందంగా చెక్కించి ఉంది. ఇన్నాళ్ళూ అది ముస్తాబనుకున్నారు అందరూ. నీవెస్ పానా వేసి కుడికి నొక్కింది. పొద్దస్తమానం చీజ్ కార్ఖానాలో బండెడు బరువు చీజ్ దిమ్మలు తిప్పే చేతులవి. ఒక్క ఉదుటున టక్‌మంది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. కప్పు ఊడి ఆమె అరచేతిలో పడింది.

లోరిస్ చూస్తూనే ఉన్నాడు. కుడికి తిప్పితే ఊడింది. కర్ర గోడకి ఆనించి, నెమ్మదిగా బట్టల బుట్ట మీద కూర్చున్నాడు.

"అంటే నేను విప్పలేదు" అన్నాడు. "విప్పుతున్నాననుకుంటూ బిగించాను. పైపు వేసి మరీ, ఆ గూడు చుట్టూ ఫ్రేము పగిలేదాకా బిగించాను."

"నువ్వు చేసిందల్లా ఆ మనిషి గోడ మీది రాత నమ్మడమేరా!" అంది నీవెస్. "ఆ దుకాణంలో వాళ్ళ నాన్నతోనే పని పోయింది. ఈయనగారు చేసేదేమీ లేదు. నేను తెప్పించినట్టే తనూ తెప్పించి, రంగులు పూసి, పేరు రాసి అమ్ముతున్నాడు. నీదీ నాదీ ఒకే పొయ్యిలో కాలిన కుండలు. చైనాది అమ్మడం తప్పు కాదు, నాదీ చైనాదే. కప్పు ఎదురు తిరుగుతుందని ఒక్క మాట చెప్పి ఉంటే నీ కాలు నీకుండేది. చెబితే గుట్టు బయటపడుతుంది. అందుకని నోరు మూసుకుని, నువ్వు పడ్డాక నిన్ను తాగుబోతుని చేశాడు."

లోరిస్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆస్పత్రిలో కూడా అంత ఏడవలేదు. కాసేపటికి మొహం తుడుచుకుని, "పోనీలే అక్కా. నా తప్పు కాదని నాకు తెలిసింది. నాకది చాలు" అన్నాడు.

"నాకు చాలదు" అంది నీవెస్.

మధ్యాహ్నానికల్లా పెడళ్ళూ చైనూ బిగించి, కొత్త సైకిలు ఎక్కి, విరిగిన ఫ్రేము భుజాన తగిలించుకుని బజార్లోకి వెళ్ళింది. లోరిస్ వద్దు వద్దంటూనే కర్రేసుకుని వెనక బయల్దేరాడు. రేపే పండగ కదా, కొండదారి పొడుగునా అప్పటికే మిఠాయి దుకాణాలు వెలిశాయి, అడ్డంగా కంచెలు పెట్టేశారు. మనుషులూ సైకిళ్ళూ దూరడానికి తప్ప సందు లేదు. కారైనా మోటారుబండైనా కొండెక్కాలంటే లోయంతా చుట్టి అవతలి వైపు నుంచి రావాలి.

జిల్దో దుకాణం ముందు ఇలారియా సైకిలెక్కుతూ కనబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తండ్రి పొగరు గాని, తండ్రి బుద్ధి గాని అంటని పిల్ల.

"నీవెస్ ఆంటీ! వచ్చేసిందా కొత్త గుర్రం? బావుందే! రేపు కొండమీద కలుద్దాం. నేనిప్పుడో చుట్టు చుట్టి గంట కొట్టొస్తాను."

సెర్లా కొండమీద చిన్న గుడి ఉంది. సైకిలు మీద పైదాకా ఎక్కినవాళ్ళు దాని గంట తాడు ఒక్కసారి లాగి గాని దిగరు. కింద ఊళ్ళో పనిచేసుకుంటున్నవాళ్ళు ఆ గంట విని, ఎవరో ఎక్కారు అనుకుంటారు. రెండేళ్ళ కిందట లోరిస్ కొట్టిన గంట కూడా ఊరంతా విన్నది. ఇలారియా చెయ్యి ఊపి కదిలింది. ఆమె తొక్కుతుంటే సైకిలు అడుగున కిర్రుకిర్రుమంది. ఆ చప్పుడు నీవెస్ చెవిన పడింది గాని మనసున పడలేదు. ఆమె మనసంతా లోపలున్న మనిషి మీదే ఉంది.

లోపల ఇసకేస్తే రాలని జనం. రేపు పాదిరీగారు సైకిళ్ళ మీద పవిత్రజలం చల్లుతారు కాబట్టి, క్లబ్బువాళ్ళంతా తుడిపించుకోడానికి వచ్చారు. ఉన్న సైకిళ్ళన్నీ ఫవారిన్‌లే. నీవెస్ కావాలనే తొందరపడలేదు. కాఫీలో గ్రప్పా సారా చుక్కలు వేసుకుని తాగుతున్నవాళ్ళంతా చుట్టూ చేరేదాకా, తన వంతు వచ్చేదాకా నిలబడింది. ఆఖరికి విరిగిన ఫ్రేము గల్లా బల్ల మీద పెట్టింది. అందరి తలలూ ఇటు తిరిగాయి.

జిల్దో ఎర్ర ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుంటూ చూశాడు. "ఏమ్మా, రేపు దీన్నెక్కి వస్తావా? నీ చైనా గుర్రం కంటే ఇదే నయంలే" అన్నాడు. జనం నవ్వారు.

"దీని కప్పు ఊడింది జిల్దోగారూ. బిగించి పెట్టండి."

"ఊడిందా? నా బీబీలు వాటంతటవి ఊడవు. మళ్ళీ ఎవరు చెయ్యి పెట్టారు? ఒకసారి బుద్ధి రాలేదా మీ ఇంటికి?"

"రాలేదు. అందుకే మీ దగ్గరికే తెచ్చాను. మీ చేత్తోనే బిగించండి."

"విరిగినదానికి కప్పెందుకమ్మాయ్?"

"గోడకి తగిలించుకుంటాం. మీ చేతిపని కదా, బోసిగా ఉంటే బావుండదు."

మంగలి అత్తీలియో పకపకా నవ్వాడు. "బిగించి పారెయ్యి జిల్దో! నా గడ్డం గీకడానికి పట్టినంత సేపు కూడా పట్టదు. పండగపూట ఆడపిల్ల అడిగితే కాదంటావా?"

జిల్దో కప్పు చేతిలోకి తీసుకున్నాడు. "బేపీ, ఇది కాస్త చూడు" అన్నాడు. బేపీ అంటే ఇరవై ఏళ్ళుగా ఆ దుకాణంలో టైర్లూ బ్రేకులూ చూసే మనిషి.

"బేపీ ఎందుకు?" అంది నీవెస్. "బీబీ మీ చెయ్యి తప్ప వేరే చెయ్యి పడకూడదని మీ రూలు కదండీ? ఎటు తిప్పాలో మర్చిపోయారా? మీ నాన్నగారు గోడ మీద రాసే పెట్టారుగా."

అందరి కళ్ళూ గోడ మీదికి వెళ్ళాయి. నీలి అక్షరాలు. రెండు వైపులా కుడికే. జిల్దో కప్పుని గూటికి ఆనించి కుడికి తిప్పాడు. పట్టలేదు. మళ్ళీ తిప్పాడు. గీరుకున్న చప్పుడు వచ్చింది గాని పట్టలేదు. నీవెస్ ఆయన వేళ్ళనే చూస్తూ నిలబడింది. రెండేళ్ళుగా ఆకలితో ఉన్న మనిషి ముందు విస్తరి వేసినట్టుంది ఆమెకి.

"మర చెడింది" అన్నాడు జిల్దో. "అప్పుడు పడ్డప్పుడే చెడి ఉంటుంది."

"చెడలేదు. పొద్దున నా చేత్తోనే విప్పాను. ఎడమకి తిప్పి చూడండి, సుబ్బరంగా దిగుతుంది."

"ఎడమకా!" అత్తీలియో నోరు వెళ్ళబెట్టాడు. "ఫవారిన్ ఎడమకి బిగుస్తుందా? ఏంటమ్మా ఎండ దెబ్బగానీ తగిలిందా?"

జిల్దో తిప్పలేదు. అప్పుడు బేపీ ముందుకొచ్చి, ఆయన చేతిలోంచి కప్పు తీసుకుని, గూటికి ఆనించి ఎడమకి తిప్పాడు. అది మెత్తగా, చుట్టు వెంట చుట్టు, చివరిదాకా దిగింది.

"ఇది మనం చేసింది కాదు" అన్నాడు బేపీ. ఎవరితో అన్నాడో అతనికే తెలీదు.

"ఒక్కటీ మీరు చేసింది కాదు" అంది నీవెస్, గుమ్మంలో నిలబడ్డ లోరిస్‌కి వినబడేలా. "మీరంతా ఎక్కి తిరుగుతున్నవాటిలో ఒక్కటీ కాదు. నా చవక సైకిలూ మీ ఖరీదు సైకిళ్ళూ ఒక తల్లి బిడ్డలే. తేడా ఏంటంటే నాదాని మీద బాణం గుర్తుంది. మీవాటి మీద ఈయన గీకేశాడు. నా తమ్ముడు విప్పుతున్నాననుకుని బిగించాడు. గూడు చుట్టూ ఫ్రేము పగిలింది. ఈ పెద్దమనిషి మాత్రం వాణ్ణి తాగుబోతన్నాడు!"

ఒకళ్ళిద్దరు వంగి తమ సైకిళ్ళ అడుగులు చూసుకున్నారు. అత్తీలియో కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఈ క్షణం కోసమే నీవెస్ బతికింది. జిల్దో కాళ్ళబేరానికి వస్తాడో, ఎదురు తిరుగుతాడో చూద్దామని కళ్ళెత్తింది.

జిల్దో ఆమె వంక చూడటం లేదు. బేపీని చూస్తున్నాడు. బేపీ మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏంట్రా?" అన్నాడు జిల్దో.

"పొద్దున మీరు పాదిరీగారి దగ్గరికి వెళ్ళినప్పుడు..." బేపీ గుమ్మం వంక చూశాడు. "ఇలారియా వచ్చింది. సైకిలు కిర్రుమంటోందంది. నాన్నకి చెబితే పందెం ముందు తిడతాడు, మనమే విప్పేద్దాం అంది. కప్పు రాలేదు. నేనే... నేనే పైపు తెచ్చిచ్చాను జిల్దోగారూ. ఇద్దరం కలిసి తిప్పాం."

"ఎటు?" అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు.

జిల్దో ఫోన్ తీసి నొక్కాడు. గల్లా బల్ల కింద, చార్జింగ్‌కి పెట్టిన ఇలారియా ఫోన్ మోగింది. రెండు సార్లు చేశాడు. రెండు సార్లూ అక్కడే మోగింది. అప్పుడు కారు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. దారి మూసేశారని గుర్తొచ్చి ఆగిపోయాడు. గోడ వెంట వరసగా నిలబెట్టిన సైకిళ్ళ వంక చూశాడు. అన్నీ తన పేరున్నవే. ఏదీ తాకలేకపోయాడు.

"నీళ్ళతొట్టి వంపు" అన్నాడు లోరిస్ గుమ్మంలోంచి. అతను పడ్డది అక్కడే, కొండ కింది సగంలో, దిగేవాళ్ళు ఒంటి బరువంతా పెడళ్ళ మీద పెట్టే వంపులో. "పైనుంచి అక్కడిదాకా తట్టుకుంటుంది. అక్కడ తట్టుకోదు. నాది తట్టుకోలేదు."

నీవెస్ అప్పటికే బయటికొచ్చింది. తన సైకిలు గోడనుంచి తీసి ఒక కాలు పెడలు మీద వేసింది. ఇందాక విన్న కిర్రుకిర్రు చప్పుడు ఇప్పుడు చెవుల్లో మోగుతోంది. ఆ చప్పుడు తను విన్నది. విని లోపలికి వెళ్ళింది. వంపుదాకా ఎదురెక్కి పిల్లని ఆపడం ఆమెకి కష్టం కాదు. ఊళ్ళో ఇప్పుడు అంత గబగబా ఎక్కగలిగింది ఆమె ఒక్కతే. ఆ సంగతి జిల్దోకీ తెలుసు.

"అమ్మా, నీవెస్!" ఏప్రాన్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. వెళ్ళు. నా బిడ్డని ఆపు."

"వెళ్తాను. ముందు ఒక్క మాట చెప్పండి. నా తమ్ముడిది ఏం తప్పు?"

జిల్దో వెనక్కి తిరిగి చూశాడు. దుకాణమంతా గుమ్మంలోనే ఉంది. మిఠాయి కొట్లవాళ్ళు కూడా చేతిపని ఆపి చూస్తున్నారు. నాన్న పేరు, తన పేరు, ఆ గోడ, అన్నీ ఆ ఒక్క మాట మీదున్నాయి.

"అన్నీ చెబుతాను. కిందికి తీసుకొచ్చాక, నీ ఇష్టమొచ్చినట్టు చెబుతాను..."

"తీసుకొచ్చాక మీరు చెప్పరు. చెప్పినా అప్పుడు నాకక్కర్లేదు. ఊరు ఇప్పుడు వింటోంది."

"అక్కా!" లోరిస్ కర్ర వదిలేసి గోడ పట్టుకుని అరిచాడు. "పిచ్చెక్కిందా నీకు? ఆ పిల్లేం చేసింది? వెళ్ళవే!"

పుట్టి బుద్ధెరిగాక అతను ఆమెని 'వే' అనడం అదే మొదటిసారి. అయినా నీవెస్ కదల్లేదు. జిల్దో మళ్ళీ గుమ్మంలోని జనం వంక తిరిగాడు.

అప్పుడు సెర్లా కొండమీద గంట ఒక్కసారి మోగింది.

బజారంతా తలెత్తి చూసింది. ఇలారియా పైకి చేరింది. ఇక దిగుతుంది.

"చెప్పండి జిల్దోగారూ" అంది నీవెస్.